అమ్ము: నామవాచకం

తొమ్మిదో తరగతి, బి సెక్షన్.
పేపరు ముక్క ఒకటి చదివిస్తున్నాను:
దేశ అమ్ములపొదిలో మరో క్షిపణి.
"అమ్ముల పొడంటే ఏటి సార్?"
జుత్తు ఢిల్లమ్మ లేచి నిలబడింది.
అన్నంలో కలుపుకుంటార్రా, అంది వెనక బెంచీ.

పొడి కాదమ్మా, పొది.
పొది వాళ్ళకి తెలుసు.
ఆదివారం సైకిలు హేండిలుకి తగిలించుకొచ్చే
నీలకంఠం సంచి, మంగలి పొది:
కత్తి, కత్తెర, పటిక ముక్క,
మన మొహం మనకి సగమే ఇచ్చే అద్దం.
సరే, పొది బతికింది.
దాంట్లోంచి జారిపోయిన అమ్ము ఏదీ?

ఆ రాత్రి మందసలో కరెంటు లేదు.
సెల్లు వెలుగులో నిఘంటువు తీశాను,
చెదలు తిన్నంత తిని, దయతలచి వదిలిన పేజీ.
ఒకే పేజీలో ఇద్దరు అమ్ములు
గట్టు తగాదా పడ్డ దాయాదుల్లా
ఒకరి మొహం ఒకరు చూడకుండా.
ఒకటి నామవాచకం, బాణం.
ఒకటి క్రియ, వెలకిచ్చు.

అరవవాళ్ళు అంబు అంటారు.
వాళ్ళ కొంబు మన దగ్గర కొమ్ము అయినట్టే
అంబు మన నోట్లో మెత్తబడి అమ్ము అయింది.
బాణం సంస్కృతం పల్లకీలో దిగింది,
దేవుళ్ళంతా దాన్నే పట్టుకున్నారు.
అమ్ము అడవిలో ఉండిపోయింది
కుందేళ్ళ కోసం, అడవిపందుల కోసం.
రెండో అమ్ము మాత్రం
జీడిపప్పు బస్తాల మీద కూచుని
రోజూ పలాస దాకా వెళ్ళొస్తోంది.

తుపాకీ వచ్చి బాణాన్ని చంపిందంటాడు
మా సోషల్ మేష్టారు.
నాకెందుకో బేరం మీదే అనుమానం.

సంతరోజు కొండ దిగి వచ్చాడు సవర బూదయ్య.
చింతపండు, కొండచీపుళ్ళు, నాలుగు పనసకాయలు.
వీపున విల్లు, వెదురు గొట్టంలో అయిదో ఆరో
కోడీక కట్టిన పుల్లలు.
మొనకి లారీ కమాను ముక్క,
కమ్మరి సాగదీసి పదును పెట్టింది.
ఆ మొనని అలుగు అనేవారు ఒకప్పుడు.
ఆ మాటా మనమీద అలిగి పోయింది.
వాన దండిగా పడ్డ ఏడు
చెరువు నిండితే, గట్టు కొసన
కాసేపు పొర్లి, చల్లబడుతుంది.

విశాఖపట్నం కారొకటి ఆగింది.
హాల్లో గోడకి బావుంటుందన్నాడు
నల్లకళ్ళద్దాలాయన. అయిదొందలు. వెయ్యి.
"పనసకాయ తీసుకో బాబూ, ఇది అమ్మను."
ఆయన పనసకాయే తీసుకున్నాడు,
దానికీ ఇరవై తగ్గించి.

కారు పోయాక బూదయ్య పక్కన గొంతుక్కూచున్నాను.
"దీన్ని మీ మాటలో ఏమంటారు?"
చెప్పాడు.
మళ్ళీ అడిగాను. మళ్ళీ చెప్పాడు,
చంటిపిల్లకి చెప్పినట్టు నిదానంగా.
నా యాభై ఆరు అక్షరాల్లో ఏదీ దానికి పట్టలేదు.
గొంతులో ఎక్కడో తలుపు మూసినట్టు
టక్కున ఆగిపోతుందా చప్పుడు.
చేతిమీద రాసుకున్నాను, చెరిపేశాను.

"మరి మీరేటంతారు బాబూ?"

ఎన్నో వందల ఏళ్ళ తరవాత
ఒక బాణం ఎదుట ఆ మాట పలకబోతున్నానని
గొంతు సవరించుకుని మరీ అన్నాను:
"అమ్ము."

బూదయ్య వెదురు గొట్టం వెనక్కి లాక్కున్నాడు.
"సెప్పినాను గదా బాబూ, అమ్మనని."

సోమవారం క్లాసులో ఇదంతా చెప్తే
బెంచీలు చరుచుకుని నవ్వారు.
బోర్డు మీద వరసగా రాశాను:
అంబు, అమ్ము, అమ్ములపొది.
ఢిల్లమ్మ నవ్వలేదు.
"మరి ఆ తాత సెప్పిన మాటేటి సార్?"

చాక్‌పీసు ఎత్తాను.
బోర్డు మీద అది ఆనిన చోట
చిన్న తెల్ల చుక్క.
బెల్లు కొట్టేదాకా అదే ఉంది.